ఎనిమిది పలకల కాంప్లెక్సులో క్యాప్సూల్ లిఫ్టులు: కర్నూలు పని డైరీ

సంక్రాంతి తర్వాత: చేతికొచ్చిన పని

కర్నూలు పాత ఊళ్లో ఉన్న ఈ కాంప్లెక్సు ఎనిమిది పలకల కట్టడం. మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ. దాని చుట్టూ షాపులు, ఆ ఖాళీలోనే ఎదురెదురుగా రెండు క్యాప్సూల్ లిఫ్టులు, అంటే అద్దాల లిఫ్టులు. వాటిని బాగుచేయడమే మా చేతికొచ్చిన పని. అంతస్తులు మాత్రం మామూలు లెక్కలో లేవు. ఎడమ సగంలో 3.6 మీటర్లకు ఒక అంతస్తు. కుడి సగంలో ప్రతి అంతస్తూ దానికంటే 1.8 మీటర్లు ఎత్తులో ఉంటుంది. రెండు సగాలనూ కలిపేవి 12 మెట్లు. ఎడమ లిఫ్టు 0, 3.6, 7.2, 10.8 మీటర్ల దగ్గర ఆగుతుంది. కుడి లిఫ్టు 1.8, 5.4, 9.0 దగ్గర.

కుడి లిఫ్టు నేల దాకా ఎందుకు రాదని షాపుల వాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు. ల్యాండింగ్ తలుపు ఎత్తే 2 మీటర్లు, నేలకూ మొదటి స్టాపుకూ మధ్య ఉన్నది 1.8 మీటర్లు. ఒకే గోడ మీద ఒకదానిపై ఒకటి రెండు తలుపులు పట్టవు. వెనకవైపు తలుపు పెడదామంటే అటంతా అద్దమే. అందుకని లిఫ్టు ఎక్కాలంటే ముందు 12 మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. కుడి సగంలో షట్టర్లు ముందు పడటానికి ఇదొక పెద్ద కారణం. ర్యాంపు వేయవచ్చు కదా అంటే, 12కు 1 వాలుతో 1.8 మీటర్లు ఎక్కడానికి 21.6 మీటర్ల పొడవు కావాలి, మధ్యలో రెండుచోట్ల ఆగే చదును అదనం. అది నేల అంతస్తులో నాలుగు పలకల షాపుల ముఖాలు మూసేస్తుంది. ఇప్పుడు నడుస్తున్నవి ఆ షాపులే. ప్రస్తుతానికి ఎడమ లిఫ్టులో ఒక అంతస్తు పైకెళ్లి 12 మెట్లు దిగమని బోర్డు పెట్టించడమే మేలు. ఎక్కడంకంటే దిగడం సులువు.

ఖాళీ చుట్టూ అంతస్తులు, ఖాళీలో అద్దాల లిఫ్టు అనే పద్ధతికి పేరు తెచ్చింది 1967లో అట్లాంటాలో తెరిచిన హయత్ రీజెన్సీ హోటల్. జాన్ పోర్ట్‌మన్ డిజైను, 22 అంతస్తుల ఎత్తున్న లోపలి ఖాళీ. అక్కడ లిఫ్టు ఎక్కడమే ఒక చూడముచ్చట. ఈ కాంప్లెక్సు కట్టినవాళ్ల ఉద్దేశమూ అదే. లిఫ్టు ఎక్కినవాడికి అన్ని షాపులూ కనపడాలి, షాపుల్లో ఉన్నవాళ్లకు లిఫ్టు కనపడాలి. అందుకే ఇక్కడ లిఫ్టు ఆగితే రాకపోకలు ఆగడంతో సరిపోదు, కట్టడం మొత్తం ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

రెండు లిఫ్టులూ ఒకే రకం: 8 మంది, 544 కేజీలు, సెకనుకు 1 మీటరు వేగం, పైన మెషీన్ రూంలో 7.5 హెచ్‌పీ గేర్ మెషీన్, 13 మి.మీ. రోపులు నాలుగు. ఎడమది ఆగుతూ నడుస్తోంది. కుడిది ఆగిపోయింది. కొలతలకు లిఫ్టుల భారత ప్రమాణం ఐఎస్ 17900నూ, దానికి మూలమైన యూరప్ ప్రమాణం ఈఎన్ 81-20నూ పట్టుకున్నాం.

"అద్దాలు ముందు మార్చండి సార్, జనం చూసేది అవే గదా" అన్నారు ఓనర్లు. అద్దాలు చివర్లోనే. వంపు అద్దాన్ని టఫెన్ చేశాక, అంటే వేడిచేసి గట్టిపరిచాక, అంచు ఒక మి.మీ. కూడా కోయలేం. అద్దం కొలత ఫ్రేము మీద, ఫ్రేము క్యాబిన్‌ను పట్టి నడిపే నిటారు రైళ్ల మీద, రైళ్లు పిట్‌లోని, అంటే లిఫ్టు కింది గుంతలోని, పునాది మీద ఆధారపడతాయి. పై నుంచి మొదలుపెడితే అద్దాలు రెండుసార్లు కొనాల్సి వస్తుంది.

ఎడమ లిఫ్టు పిట్

పిట్ లోతు 1.5 మీటర్లు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊళ్లోకి వచ్చిన నీళ్లు దీన్నీ ముంచాయి. తర్వాత నీళ్లు తోడేశారు, అడుగున ఒండ్రు అలాగే వదిలేశారు. గడ్డపారతో పెకలించాల్సినంత గట్టిపడింది. ఆ ఒండ్రులోంచి గవర్నర్ టెన్షన్ పుల్లీ బరువు బయటపడింది. గవర్నర్ అంటే వేగం మీరితే క్యాబిన్‌ను ఆపించే పరికరం, దాని రోపును బిగువుగా ఉంచేది ఈ బరువు. బరువు వేలాడాలి, ఇక్కడ కూర్చుని ఉంది. అంటే గవర్నర్ రోపు ఇన్నాళ్లూ వదులుగానే తిరిగింది. వదులు రోపు గవర్నర్ చక్రం మీద జారుతుంది. క్యాబిన్ నిజంగా వేగం మీరినా సేఫ్టీ గేర్‌ను (రైళ్లను పట్టి క్యాబిన్‌ను ఆపేది) లాగేంత పట్టు అందులో ఉండదు. రోపు వదులైతే లిఫ్టును ఆపాల్సిన స్విచ్చి ఒకటుంది. దాని రెండు వైర్లూ మెలిపెట్టి, టేపు చుట్టి ఉన్నాయి. లిఫ్టు పదే పదే ఆగుతోందని ఎవరో అలా కలిపేశారు. ఇంతకంటే ప్రమాదకరమైనది ఈ లిఫ్టులో ఇంకేదీ కనపడలేదు.

పిట్‌లోకి నీళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. మూలం పక్కనున్న ఫౌంటెన్. అది ఎండిపోయి చాలాకాలమైనా పైకప్పు వాన నీళ్ల పైపు దాని డ్రెయిన్‌లోనే కలుస్తుంది, ఆ డ్రెయిన్ పైపు పిట్ గోడ దగ్గర పగిలింది. ముందు ఆ పైపు మార్చాం. తర్వాతే పాత ప్లాస్టరింగ్ చెక్కి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు వేసి, ఒక మూలకు వాలు ఇచ్చి, 300 మి.మీ. గుంతలో ఫ్లోట్ స్విచ్చి ఉన్న చిన్న పంపు పెట్టాం. పైపు మార్చకుండా కోటింగ్ వేస్తే ఒక్క వానాకాలానికే ఊడి వస్తుంది. క్యాబిన్ అడుగుకు వస్తే తట్టుకునే స్ప్రింగ్ బఫర్లు రెండూ తుప్పు తిని పొరలు రాలుతున్నాయి, మార్చాం. స్టాప్ స్విచ్చి, లైటు, ప్లగ్గు పాయింటు కొత్తవి.

శివరాత్రికి ముందు: రైళ్లు

క్యాబిన్ రైళ్లు టీ89 రకం. అడుగు వెడల్పు 89 మి.మీ., ముక్కు మందం 16 మి.మీ.కు కాస్త తక్కువ, ఒక్కో ముక్క 5 మీటర్లు. కింది రెండు ముక్కలకు వెర్నియర్ పెడితే ముక్కు మందం చాలాచోట్ల 15.4, గోరు తగిలేంత గుంతలు. ఎమెరీ పేపరుతో రుద్ది నూనె రాస్తే చాలదా అన్న ప్రశ్న వచ్చింది. చాలదు. సేఫ్టీ గేర్ పట్టుకునేది సరిగ్గా ఆ ముక్కునే. గుంతలుంటే ఒకవైపు ముందు, ఒకవైపు తర్వాత పట్టి క్యాబిన్ ఒరుగుతుంది. మామూలు రేకుల క్యాబిన్ ఆ ఒరుగుడు తట్టుకుంటుంది. అద్దాల క్యాబిన్‌లో ఫ్రేము మెలిపడి అద్దం పోతుంది. రెండు ముక్కలూ మార్చాం.

మార్చేటప్పుడు క్యాబిన్‌ను పై అంతస్తుకు తీసుకెళ్లి, సేఫ్టీ గేర్ పట్టించి, మెషీన్ రూం బీముకు 2 టన్నుల చైన్ బ్లాకు, దానికి తోడు రెండు స్లింగులు వేశాం. పై రైళ్ల బరువు కింది రైళ్ల మీదే నిలబడి ఉంటుందని మరవకూడదు. కింది ముక్క విప్పేముందు పై ముక్క అడుగున బ్రాకెట్‌కు యాంగిల్ ముక్క వెల్డింగ్ చేసి ఆనించాలి. వెల్డింగ్ బ్రాకెట్‌కే, రైలుకు తగలకూడదు. రైలు వేడికి వంగితే మళ్లీ తిన్నగా రాదు.

నిటారు చూడటానికి 0.5 మి.మీ. పియానో తీగెలు, చివర 10 కేజీల తూకం గుండు, అది ఊగకుండా పాత గేర్ ఆయిల్ ఉన్న బకెట్టులో ముంచాం. గోడల మధ్య నడిచే లిఫ్టులో ఇది గంట పని. ఇక్కడ చుట్టూ ఖాళీ, పై కిటికీల గాలి, షాపుల ఫ్యాన్లు. తీగె 3, 4 మి.మీ. ఊగుతూనే ఉంది. షాపులు తెరవకముందే, పై కిటికీలు మూసి కొలతలు తీశాం. రెండు రైళ్ల మధ్య దూరంలో తేడా 2 మి.మీ. దాటకుండా, నిటారు 5 మీటర్లకు 1 మి.మీ. లోపు వచ్చేదాకా షిమ్ములు (సందులో పెట్టే సన్న రేకులు) మార్చాం. అతుకు దగ్గర పాత, కొత్త ముక్కుల మధ్య మెట్టు తగిలితే ఆకురాయితో ఒక్కచోటే అరగదీయకూడదు. 200, 300 మి.మీ. పొడవునా పలచగా దించాలి, లేకపోతే ప్రతి రాకపోకకూ అక్కడ టక్కుమంటుంది.

క్యాబిన్‌లో రాయి

మోటారు వేడెక్కి ట్రిప్ అవుతోందన్నది మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదు. మోటారు వైండింగ్ బాగానే ఉంది. కారణం క్యాబిన్ నేలలో దొరికింది. ఎప్పుడో అందం కోసం 20 మి.మీ. కడప రాయి పరిచారు, దాని కింద సిమెంటు. క్యాబిన్ నేల ఒకటిన్నర చదరపు మీటర్లు. పగలగొట్టి తూచితే రాయి, సిమెంటు కలిపి 126 కేజీలు.

తీయకముందు బ్యాలెన్స్ చూశాం. క్యాబిన్‌లో బరువులు కొంచెం కొంచెంగా పెంచుతూ పైకీ కిందికీ నడిపి, క్యాబిన్, రోపుల రెండో చివర వేలాడే కౌంటర్ వెయిట్ ఎదురెదురుగా వచ్చినప్పుడు క్లాంప్ మీటరుతో కరెంటు చూడాలి. పైకి, కిందికి ఒకే కరెంటు తీసుకునే బరువే బ్యాలెన్స్ పాయింటు. అది పూర్తి లోడులో 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఇక్కడ 150 కేజీల దగ్గర వచ్చింది, అంటే 28 శాతం లోపే. 8 మందితో పైకి వెళ్లేటప్పుడు మెషీన్ లాగాల్సిన తేడా, రాయి లేకపోతే ఉండే 268 బదులు, 394 కేజీలు. మోటారు వేడెక్కడానికీ, బ్రేక్ లైనర్లు త్వరగా అరగడానికీ, కింది స్టాపులో క్యాబిన్ గడప దాటి జారడానికీ అన్నిటికీ ఇదొక్కటే మూలం.

కౌంటర్ వెయిట్‌కు 126 కేజీలు కలిపితే సరిపోయేదే, కానీ ఆ బరువంతా రోపులు, షీవ్ (రోపులు తిరిగే చక్రం) బేరింగు, బ్రేకు మోయాలి. రాయి తీసేశాం. 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్, పైన 2 మి.మీ. వినైల్: రెండూ కలిపి 16 కేజీలు. బ్యాలెన్స్ 260కి వచ్చింది. ఇక కొత్త అద్దం లెక్క. వంపు పొడవు 2.04 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. పాత 6 మి.మీ. అద్దం 61 కేజీలు, కొత్త రెండు పొరల లామినేటెడ్ 105. ఇంకో 44 పోతే 216, అంటే 40 శాతం అంచున. 15 కేజీల ఫిల్లర్ దిమ్మెలు రెండు కౌంటర్ వెయిట్‌లో వేస్తే 246 కేజీలు, 45 శాతం. అద్దం ఎక్కేదాకా ఆ 44 కేజీలకు బదులు క్యాబిన్‌లో ఇసుక సంచులు కట్టి ఉంచాం.

ఎవరైనా లిఫ్టు క్యాబిన్‌లో గ్రానైటో, కడప రాయో పరుద్దామంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

రోపులు, మెషీన్

రోపుల మధ్య సందుల్లో ఎర్రటి పొడి. లోపలి నార ఎండిపోయి తీగెలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయనడానికి గుర్తు. వ్యాసం 12.1 మి.మీ. దగ్గరుంది. 10 శాతం తగ్గితే, అంటే 11.7 వస్తే, తీసేయాల్సిందే. ఈ పొడి కనిపించాక అంతదాకా ఆగనక్కర్లేదు. నాలుగూ ఒకే కాయిల్ నుంచి కోసి మార్చాం, ఒక్కోటి 20 మీటర్లు. ఒక్క రోపు మాత్రమే మారిస్తే దాని సాగుడు వేరు, బరువంతా మిగతా మూడింటి మీద పడుతుంది. టెన్షన్ సమానం చేయడానికి స్ప్రింగ్ త్రాసుతో ఒకే ఎత్తులో ఒక్కో రోపును పక్కకు ఒకే దూరం లాగి చూడాలి. తేడా 5 శాతం మించకూడదు. కొత్త రోపు మొదటి నెలలో సాగుతుంది, అప్పుడు మళ్లీ సరిచేయాలి. మామూలు గ్రీజు పూస్తే షీవ్ మీద జారుతుంది. రోపుల కోసమే తయారైన పలచటి నూనె తప్ప ఇంకేదీ వద్దు.

గేర్ బాక్సు నూనెలో కంచు రజను కొద్దిగా ఉంది, వార్మ్ వీల్ పళ్లు మాత్రం బాగున్నాయి. కడిగి, వీజీ 320 నూనె పోశాం.

ఉగాది ఎండ

కర్నూలులో మార్చి ఆఖరు అంటే మెషీన్ రూం గురించి ఆలోచించాల్సిన సమయం. డాబా మీద ఒంటరి గది, పడమటి ఎండ. మధ్యాహ్నం 3 గంటలకు లోపల 44 డిగ్రీలు. లిఫ్టు మెషీనరీకి ప్రమాణం చెప్పే పై హద్దు 40. పాత రిలే ప్యానెల్ తీసి వీవీవీఎఫ్ డ్రైవు (మోటారు వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె), దానితో ఏఆర్‌డీ (కరెంటు పోతే బ్యాటరీతో క్యాబిన్‌ను అంతస్తుకు చేర్చేది) పెడుతున్నాం. రిలేలు ఎండను ఏదోలా ఓర్చుకున్నాయి, డ్రైవు ఓర్చుకోదు, వేడి మీరితే తనంతట తానే ఆగిపోతుంది. పైకప్పుకు తెల్లటి కూల్ పెయింటు రెండు కోట్లు, పైన 300 మి.మీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు, ఎదురు గోడలో నేలకు దగ్గరగా జాలీ. ఫ్యాను పెట్టి గాలి లోపలికి వచ్చే దారి వదలకపోతే ఉపయోగం లేదు. ఏఆర్‌డీ బ్యాటరీలు 12 వోల్టులవి నాలుగు. ప్యానెల్ పైన పెట్టే అలవాటు ఉంది. మేం జాలీ పక్కన కింద పెట్టాం. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కరెంటు పోయి అద్దాల పెట్టెలో నలుగురు వేలాడుతుండగా బ్యాటరీ లేదని తెలిస్తే ఆ కాంప్లెక్సుకు మళ్లీ ఎవరూ రారు.

క్యాబిన్‌కు వేలాడుతూ దానితోపాటు కదిలే ట్రావెలింగ్ కేబులు కూడా ఎండ బాధితురాలే. గాజు పైకప్పు కింద పైతొడుగు బిగుసుకుపోయి, వంపు దగ్గర నెర్రెలిచ్చింది. ఫ్లాట్ కేబులు కొత్తది వేశాం.

తలుపు మూసుకోని సాయంత్రం

కొత్త లైట్ కర్టెన్ (తలుపుకు ఎవరైనా అడ్డుంటే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పసిగట్టే పట్టీల జత) బిగించాక ఉదయమంతా తలుపులు చక్కగా నడిచాయి. సాయంత్రం 4 దాటాక పై అంతస్తులో మాత్రం తలుపు మూసుకోబోయి తెరుచుకుంటుంది, మళ్లీ అదే. పడమటి కిటికీ ఎండ అద్దాల క్యాబిన్ గుండా నేరుగా రిసీవర్ పట్టీ మీద పడుతోంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ నిండా ఉంటుంది, రిసీవర్ దాన్ని అడ్డంగా ఎవరో ఉన్నట్టు లెక్కేసి తలుపు తెరుస్తుంది. కార్డు మార్చడం, సెన్సిటివిటీ తగ్గించడం దీనికి మందు కాదు. పంపే పట్టీనీ అందుకునే పట్టీనీ ఎడమ, కుడి మార్చి బిగించాం. ఇప్పుడు రిసీవర్ వీపు పడమటికి ఉంది, సమస్య పోయింది. కుడి లిఫ్టు దీనికి ఎదురుగా ఉంది కాబట్టి అక్కడ పట్టీలు పాత వరసలోనే ఉండాలి.

శ్రీరామనవమి తర్వాత: అద్దాలు

పాత అద్దం ఒంటి పొర. పగిలితే పెంకులు నేరుగా కింద నడిచేవాళ్ల మీద పడతాయి. కొత్తది 5 మి.మీ. టఫెన్డ్ రెండు పొరలు, మధ్యలో 0.76 మి.మీ. పీవీబీ ప్లాస్టిక్ పొర. పగిలినా పొరకు అంటుకుని ఉంటుంది. క్యాబిన్‌కు మూడు పలకలు, ఒక్కోటి 680 మి.మీ. వంపు పొడవు.

వంపు కొలతను కాగితం మీద అంకెలుగా పంపలేదు. ఫ్రేము లోపల 6 మి.మీ. ప్లైవుడ్ మూసలు కోసి, పైన, నడుమ, కింద మూడుచోట్లా సరిచూసి, మూసలే హైదరాబాద్‌కు పంపాం. మూడుచోట్లా ఒకే మూస కూర్చోకపోతే ఫ్రేములో మెలిక ఉన్నట్టు. నడుమ 4 మి.మీ. తేడా కనిపిస్తే ఫ్రేమునే సరిచేశాం. అద్దం వచ్చాక మూస ఆనించి చూసి, 2 మి.మీ. కంటే ఎక్కువ వెలుతురు కనిపించిన పలక ఒకటి వెనక్కి పంపాం. బలవంతంగా బిగిస్తే అప్పటికి నిలుస్తుంది, మే నెల ఎండకు పగులుతుంది. ప్రతి పలక మూలలో తయారీదారు పేరు, రకం, మందం చెరగని ముద్రగా ఉండాలి. బిగించాక ఆ ముద్ర బయటికి కనపడాలి.

కింద రెండుచోట్ల 100 మి.మీ. పొడవు ఈపీడీఎం రబ్బరు దిమ్మెలు, చుట్టూ 5 మి.మీ. సందు, లోహం ఎక్కడా గాజును తాకకూడదు. సీలెంటు న్యూట్రల్ సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే చవక సిలికాన్ పీవీబీ పొర అంచును తింటుంది. ఆ అంచు తెల్లబడి, బుడగలు లోపలికి పాకుతాయి. చేతిపట్టీ నేల నుంచి 900 మి.మీ. ఎత్తున, ఫ్రేముకే బిగించాం, అద్దానికి కాదు. పాత చేతిపట్టీ అద్దానికి రంధ్రం చేసి బిగించారు, పగుళ్లు అక్కడి నుంచే మొదలయ్యాయి.

నేల అంతస్తులో లిఫ్టు దారి చుట్టూ ఉన్నది నడుము ఎత్తు గ్రిల్లు. పిల్లవాడు చెయ్యి పెడితే అది దిగే క్యాబిన్ కిందకు వెళ్తుంది. తలుపు వైపు 3.5 మీటర్లు, మిగతా వైపులా 2.5 మీటర్ల ఎత్తు అడ్డు పెట్టాం. పై అంతస్తుల బాల్కనీ అంచు క్యాబిన్‌కు 2 మీటర్లకు పైగా దూరం, అక్కడ 1.1 మీటర్ల రెయిలింగు చాలు.

శుభ్రం చేయడానికి ట్యూబుతో నీళ్లు కొట్టకూడదు, అవన్నీ పిట్‌లోకే. లిఫ్టు మెకానిక్ ఇన్‌స్పెక్షన్ మోడులో క్యాబిన్‌ను నెమ్మదిగా దింపుతుంటే, అడ్డు బయట నుంచి పొడవు కర్ర వైపరుతో తుడవాలి. బోరు నీళ్లు వాడితే తెల్ల మరకలు కడతాయి, ఆర్‌ఓ నీళ్లు రెండు బకెట్లు సరిపోతాయి.

పరీక్షలు, కుడి లిఫ్టు

544 కేజీలకు 125 శాతం అంటే 680. ఇసుక సంచులు 20 కేజీల చొప్పున తూచి 34 వేశాం. పూర్తి వేగంతో దిగుతుండగా మెయిన్ స్విచ్చి తీసేస్తే బ్రేకు ఒక్కటే ఆపాలి, ఆపింది. గవర్నర్ సెకనుకు 1.15కూ 1.5 మీటర్లకూ మధ్య పట్టాలి, ఇది 1.3 దగ్గర పట్టింది. సేఫ్టీ గేర్ పరీక్ష తర్వాత క్యాబిన్ నేల మీద రసమట్టం పెట్టి చూశాం, ఒరుగు లేదు. రైలు మీద పట్టిన గుర్తులు రెండువైపులా ఒకే పొడవున ఉన్నాయి. ఆ గుర్తులను సన్న ఆకురాయితో నున్నగా చేశాకే లిఫ్టు వదిలాం. మెయిన్ తీసి ఏఆర్‌డీని ప్రతి రెండు అంతస్తుల మధ్యా ఒకసారి పరీక్షించాం.

కుడి లిఫ్టు పిట్ అడుగు నేలకు 30 సెం.మీ. పైనే ఉంది. వరద తగ్గిన వెంటనే నీళ్లు జారిపోయాయి, రైలు ముక్కు ఎక్కడా 15.7కు తగ్గలేదు. రైళ్లు మార్చే ఖర్చు అక్కడ లేదు. రోపులు, ప్యానెల్, అద్దాలు మాత్రం తప్పవు. ఆ క్యాబిన్‌లోనూ కడప రాయే. పగలగొట్టకముందు పాత ప్యానెల్ మీదే నడిపి బ్యాలెన్స్ పాయింటు రాసుకోవాలి. రాయి తీసి కొత్త డ్రైవు పెట్టాక పాత లెక్క దొరకదు. అందుకని ముందుగా ఆ పాత ప్యానెల్‌కు రెండు కాంటాక్టర్లు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చులు) తెప్పిస్తున్నాం.